పదమూడో నెల

పన్నెండు నెలలూ జీతం తీసుకుని వెళ్ళిపోయాక
ఏడాది గుమ్మంలో మాకింకా కొన్ని రోజులు మిగిలిపోతాయి.
చిల్లర రోజులు. వాటినీ నెల అనే అంటాం, పాగుమే అని,
పొట్టివాణ్ణి కూడా బారులో నిలబెట్టినట్టు.

దెస్సియెలో కోర్టుకి తాళం, జడ్జిలు సెలవుల్లో.
తోసా కొండ దిగిన మబ్బు
మెట్ల మీదా, నా గొడుగు మీదా, నా కుంటిబల్ల మీదా.

నేను అర్జీలు రాసేవాణ్ణి. ఇది ముప్పయ్యొకటో ఏడు.
పొలం గట్టు జరిగితే నేనే, మొగుడు కొడితే నేనే,
లారీ కింద పడ్డ గాడిదకి నష్టపరిహారమూ నేనే.
"ఘనత వహించిన న్యాయస్థానం వారి సముఖానికి"
అని మొదలెడితే చాలు
చెయ్యి దానంతటదే వంగుతుంది.

మూడో రోజు రుఫాయెల్ వాన.
ఈ నీళ్ళు నెత్తిన పడితే ఏడాది మురికి పోతుందని
పిల్లలు చొక్కాలిప్పేసి చూరు కింద నిలబడ్డారు.
తడిజుట్టుతోనే వచ్చింది యెషిమెబెట్,
బస్టాండు వెనక ఇంజెరా పోసే మనిషి,
వేళ్ళ చివర్లు కాలికాలి నున్నబడ్డ మనిషి.

"గాషె, ఓ కాగితం రాసిపెట్టు."
కోర్టు లేదమ్మా, మెస్కెరెమ్ దాటాలి.
"కోర్టుకి కాదు. వచ్చే ఏడాదికి."

ఇన్నేళ్ళలో ఈ చిరునామా ఎవరూ చెప్పలేదు.
ప్రతివాది ఎవరని అడిగాను, అలవాటు కొద్దీ.
కాసేపు ఆలోచించి "నేనే" అంది.

మరిదికి మళ్ళీ అప్పివ్వను, రాయి.
ఎంత తొందరున్నా పిండి పులవకుండా పెనం మీద పొయ్యను.
బెకెలెచ్‌తో మాట్లాడతాను.
(ఏం మాట్లాడతావు? "అది నీకెందుకు?")
సంతకం నేర్చుకుంటాను, అంది ఆఖర్న
బొటనవేలు లంగాకి తుడుచుకుంటూ.

నేను రాశాను:
"మరిదికి అప్పు ఇవ్వకుండా ఉండుటకు తగు ధైర్యము
ఇప్పించవలసిందిగా సవినయముగా..."
చదివి వినిపించాను.
"కొట్టెయ్. ఇప్పించేదెవరు?
నేను అడగటం లేదు గాషె, చెబుతున్నాను."

కొట్టేశాను.
సవినయముగా అన్న మాట మీద గీత గియ్యటం
నాకదే మొదలు. గీత వంకరపోయింది.

మా భాషలో ఒక వెసులుబాటుంది, అందులోనే మోసముంది:
"చేస్తాను" అంటే రోజూ చేస్తున్నట్టూ అవుతుంది,
రేపు చేయబోతున్నట్టూ అవుతుంది.
ఆ రెంటి సందులో మనిషి ఎన్నేళ్ళయినా దాక్కోవచ్చు.
అక్కకి ఉత్తరం రాస్తాను, అంటాను నేను,
ఊరందరికీ రాసే ఈ చేత్తో.

నేను రాసిన మొట్టమొదటి అర్జీ అక్క మీదే.
నాన్న కట్టిన రెండు గదుల కోసం. గెలిచాను.
వానొస్తే ఒక గది కురుస్తుంది.

"ఎంతివ్వాలి?" అంది. పది బిర్ అన్నాను.
మూడు ఇంజెరాలిచ్చి, వేలిముద్ర వేసి,
ఇదే ఆఖరు ముద్ర, చూడు, అంది.
కాగితం వెనక ఆవిడ పేరులో మొదటి అక్షరం
అరచేతంత రాసిచ్చాను.

ఐదో రోజు పొద్దున్నే వచ్చి చెప్పింది,
పిండితో పెనం మీద ఆ అక్షరం పోసిందట.
అచ్చం కుదిరిందట. చూపిద్దామనుకునేలోపు
ఎవడో డ్రైవరు కొనుక్కుని తినేశాడట.
నవ్వుతుంటే ముందు పన్ను లేదని తెలిసింది,
దాని సంగతి మాత్రం ఏ కాగితంలోనూ రాయించలేదు.

చీకటి పడింది. సంతలో దివిటీ పుల్లలు కట్టలు కడుతున్నారు,
పచ్చపూలు బేరమాడుతున్నారు.
బల్ల మీద తెల్లకాగితం పరిచి, గొడుగు కాస్త ముందుకి వంచి
"అక్కా" అని రాశాను.
దాని తర్వాత రావాల్సిన మాట
ముప్పయ్యొక్క ఏళ్ళ అర్జీల్లో ఎక్కడా వాడలేదు.

కింద చాలా ఖాళీ ఉంది.
ఇది లూకా ఏడు, నాలుగేళ్ళకోసారి వచ్చేది.
పాగుమేకి ఈసారి ఆరో రోజు కూడా ఉంది.